హన్మకొండ నుంచి గోదావరి దాకా సైకిల్ మీద: రెండు రోజుల రూటు చెప్పగలరా?

నయీంనగర్_రైడర్ (నవంబర్ 10)

అందరికీ నమస్తే. నాకు 44 ఏళ్లు, హన్మకొండలో బ్యాంకు ఉద్యోగం. రెండేళ్ల కింద మోకాళ్ల నొప్పికి డాక్టర్ సైకిల్ తొక్కమంటే మొదలుపెట్టాను. మొదట్లో భద్రకాళి చెరువు కట్ట దాకా వెళ్లి రావడమే పెద్ద పని. ఇప్పుడు ఆదివారాలు ఖిల్లా వరంగల్, వడ్డేపల్లి చెరువు తిరిగి హసన్‌పర్తి మీదుగా 60, 70 కిలోమీటర్లు ఇబ్బంది లేకుండా తొక్కుతున్నాను. నాది హైబ్రిడ్ సైకిల్. టైర్లు 32 మిల్లీమీటర్లవి, ముందు రెండు రింగులు (పెడల్ దగ్గరి పళ్ల చక్రాలు), వెనక క్యాసెట్‌లో (వెనక చక్రం పళ్ల చక్రాల కట్టలో) పెద్దది 34 పళ్లది.

మా అమ్మమ్మ వాళ్లది గోవిందరావుపేట. చిన్నప్పుడు ఎండాకాలం సెలవులకు ఎర్రబస్సులో వెళ్లేవాళ్లం. కిటికీ సీటు కోసం తమ్ముడితో కొట్లాడేదాన్ని. ములుగు దాటాక గుట్టలు రోడ్డు దగ్గరికి వచ్చేవి. బస్సు ఒక ఎత్తు ఎక్కేది, ఉన్నట్టుండి కింద పచ్చటి పొలం కనిపించేది, మళ్లీ గుట్ట వచ్చేది. అది అట్లా ఎందుకు ఉంటుందో అప్పుడు తెలియదు, ఇప్పటికీ తెలియదు. ఆ రోడ్డును ఈసారి నా కాళ్లతో తొక్కి, ఏటూరునాగారం దగ్గర గోదావరిని చూడాలని ఉంది.

సెలవు శని, ఆదివారాలే దొరుకుతుంది. మా ఆడపడుచు కూడా వస్తానంటోంది కానీ తను ఎప్పుడూ 50 కి.మీ. దాటి తొక్కలేదు. ఎత్తులు ఎక్కడెక్కడ వస్తాయి, రాత్రి ఎక్కడ ఆగాలి, ఇద్దరు ఆడవాళ్లం వెళ్తే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి? ఇంతకన్నా మంచి గుట్టల దారి, నది దారి ఇంకేదైనా ఉందా? ఫోన్‌లో ఎత్తుపల్లాల గీత చూశాను కానీ దాంతో నాకేమీ తేలలేదు. ఆ రోడ్డు మీద తిరిగినవాళ్లు చెబితే నమ్మకంగా ఉంటుంది.

పాత_స్టీరింగ్ (నవంబర్ 10)

అమ్మా, ఆ ఎర్రబస్సులు నడిపినవాళ్లలో నేనొకడిని. హన్మకొండ–ఏటూరునాగారం రూటులో పదకొండేళ్లు డ్యూటీ చేశాను. రిటైరై నాలుగేళ్లయింది. ఇప్పుడు అదే రోడ్డు మీద సైకిల్ తొక్కుతున్నాను, ఇప్పటికి ఆరుసార్లు వెళ్లొచ్చాను. బస్సులో ఎక్కడ గేరు దించేవాడినో సైకిల్ మీద కూడా సరిగ్గా అక్కడే దించుతున్నాను. అందుకని మీకు ఎత్తుల సంగతి గేర్ల లెక్కలోనే చెబుతాను.

మొదట ఒక మాట. వరంగల్ సముద్రమట్టానికి 270 మీటర్ల పైన ఉంది. ఏటూరునాగారం దగ్గర గోదావరి ఒడ్డు వంద మీటర్ల లోపే. మధ్యలో ఎన్ని ఎక్కుళ్లు వచ్చినా మొత్తం మీద పోయేటప్పుడు దిగుడే. వచ్చేటప్పుడు అదంతా ఎక్కాలి. తిరుగు ట్రిప్పులో నా బస్సుకు కేఎంపీఎల్ (లీటరు డీజిల్‌కు కిలోమీటర్లు) ఎప్పుడూ తక్కువే వచ్చేది. రెండు రోజుల్లోనే పోయి రావాలని పట్టుబట్టకండి. పోవడం సైకిల్ మీద, రావడం బస్సులో పెట్టుకోండి. కండక్టర్‌ను ముందే అడిగి లగేజీ టికెట్ తీసుకుంటే సైకిళ్లు ఎక్కించుకుంటారు. ముందు చక్రం విప్పడం, బిగించడం ఇంట్లోనే నేర్చుకుని రండి.

ఇక రోడ్డు. ఆరెపల్లి నుంచి ఆత్మకూరు, గూడెప్పాడ్ దాకా చెప్పుకోదగ్గ ఎత్తులు లేవు, బండ్లు మాత్రం ఎక్కువ. పొద్దున అయిదుంబావుకే బయలుదేరితే ఈ ముక్క తెల్లారేలోపు అయిపోతుంది. గూడెప్పాడ్ క్రాస్ దగ్గర సగం బండ్లు పరకాల, భూపాలపల్లి వైపు తిరిగిపోతాయి. అక్కడి నుంచి ఊపిరి పీల్చుకోవచ్చు. పోయేది తూర్పు వైపు కాబట్టి ఏడు, ఎనిమిది మధ్య ఎండ సూటిగా కళ్లలో పడుతుంది. వెనక వచ్చే డ్రైవర్‌కు కూడా అదే ఎండ, అతనికి మీరు కనిపించరు. ఆ గంట తెల్లారినా సరే వెనక ఎర్ర లైటు ఆర్పకండి. స్టీరింగ్ వెనక కూర్చున్నవాడిగా చెబుతున్నాను, ఈ ఒక్కటి మరవకండి.

మల్లంపల్లిలో చాయ్ తాగండి. ఆ తర్వాత జాకారం దగ్గర గట్టమ్మ తల్లి ఎక్కుడు వస్తుంది. నిండు బస్సుతో నేను మూడో గేరుకు వచ్చేవాడిని. మీరు ఎక్కుడు మొదలవక ముందే చిన్న రింగులోకి మార్చుకోండి. మధ్యలో బరువు మీద మారిస్తే చైన్ జారిపోతుంది. మేడారం పోయే ప్రతి బండీ గట్టమ్మ దగ్గర ఆగి కొబ్బరికాయ కొట్టి పోతుంది. మేమూ ఆపేవాళ్లం. మీరూ ఆగండి. అప్పటికి 45 కి.మీ. పైన తొక్కి ఉంటారు, మీ ఆడపడుచు కాళ్లకు కూడా ఆ విశ్రాంతి కావాలి.

ములుగు దాటాక జంగాలపల్లి క్రాస్ దగ్గర ఎడమకు తిరిగితే పాలంపేట, రామప్ప గుడి. ఇక్కడే మీ చిన్నప్పటి ప్రశ్నకు జవాబు ఉంది. కాకతీయులు చెరువు తవ్వాలని ఎక్కడ పడితే అక్కడ తవ్వలేదు. రెండు గుట్టల మధ్య వాగు పారే సందు చూసి, ఆ సందుకు అడ్డంగా కట్ట పోశారు. గుట్టలే మిగతా గోడలు. లక్నవరంలో అట్లా మూడు సందులు మూశారు. కట్ట వెనక నీళ్లు, కట్ట కింద ఆయకట్టు పొలం, పొలం దాటితే ఇంకో గుట్ట. మీకు బస్సు కిటికీలోంచి ఎత్తు, పచ్చదనం, మళ్లీ ఎత్తు కనిపించింది అందుకే. నాకు కూడా ఈ సంగతి స్టీరింగ్ పట్టుకున్నన్ని రోజులు తట్టలేదు. సైకిల్ మీద మెల్లగా పోతుంటే, వాగు ఎటు పారుతుందో చూస్తుంటే తెలిసింది.

గుడి 1213లో కట్టింది, రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో వాళ్లు ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చారు. చాలామంది గుడి చూసి అక్కడి నుంచే తిరిగిపోతారు. మీరు చెరువు కట్ట ఎక్కండి. ఎక్కి ఒకసారి నీళ్ల వైపు, ఒకసారి పొలాల వైపు చూడండి.

అక్కడి నుంచి వెనక్కి జంగాలపల్లి వచ్చి, చల్వాయి దగ్గర లోపలికి తిరిగి లక్నవరంలో రాత్రికి ఆగండి. టూరిజం వాళ్ల హరిత గదులు ఉన్నాయి, శనివారం రద్దీ కాబట్టి ముందే బుక్ చేసుకోవాలి. మొదటి రోజు వంద కి.మీ. దగ్గర పడుతుంది. మీ ఆడపడుచుకు ఎక్కువ అనిపిస్తే రామప్ప ఇంకోసారికి వదిలేయండి, పాతిక తగ్గుతుంది. రెండో రోజు పస్రా, తాడ్వాయి మీదుగా ఏటూరునాగారం 50 పైచిలుకు, మధ్యాహ్నానికి చేరతారు. పస్రా నుంచి తాడ్వాయి అడవి, ఆ తర్వాత కూడా చాలా మటుకు అడవే. అక్కడ పెద్ద ఎత్తులేం లేవు, చిన్న చిన్న అలల్లాగా ఎక్కి దిగుతుంది రోడ్డు. దిగేటప్పుడు వచ్చిన ఊపు పోనివ్వకుండా తొక్కితే తర్వాతి ఎత్తు సగం దానంతట అదే ఎక్కేస్తుంది. నేను నాలుగో గేరులోనే పోయేవాడిని.

ములుగు_మత్తడి (నవంబర్ 11)

డ్రైవరన్న రోడ్డంతా చెప్పేశారు. మాది ములుగే, నేను మూడు విషయాలు కలుపుతాను అక్కా.

ఒకటి ఇసుక లారీలు. గోదావరి ఇసుక నింపుకుని ఏటూరునాగారం, మంగపేట వైపు నుంచి హైదరాబాద్ పోయేవి ఇదే రోడ్డు మీద వస్తాయి. మీరు పోయేటప్పుడు అవి ఎదురొస్తాయి కాబట్టి కొంత నయం. కానీ ఒక లారీని ఇంకో లారీ దాటేటప్పుడు మీ వైపు రోడ్డంతా వాళ్లదే అవుతుంది. అట్లాంటప్పుడు పంతానికి పోకుండా మొరంలోకి దిగి ఆగిపోండి. 32 టైరు కాబట్టి మొరం మీద దిగినా ఇబ్బంది ఉండదు. రోడ్డు అంచు దగ్గర రాలిన ఇసుక ఉంటుంది, దాని మీద బ్రేకు కొట్టకండి.

రెండోది వడ్లు. ఇప్పుడు కోతలు. నవంబర్, డిసెంబర్ నెలల్లో రోడ్డుకు ఒక పక్కన వడ్లు ఆరబోస్తారు, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పెడతారు. వడ్లు ఎత్తాక కూడా ఆ రాళ్లు అక్కడే ఉంటాయి. తెల్లవారుజామున చీకట్లో సైకిల్ లైటుకు రాయి దగ్గరికొచ్చాక గానీ కనపడదు. పోయిన ఏడాది నేను అట్లాగే పడి మణికట్టు విరిగి నలభై రోజులు కట్టుతో ఉన్నాను. రైతు మీద నాకు కోపం లేదు, ఆయనకు ఆరబెట్టుకోవడానికి వేరే చోటు లేదు. మనమే తెల్లారే దాకా రోడ్డు మధ్య గీతకు దగ్గరగా పోవాలి, లైటు బలంగా ఉండాలి.

మూడోది జాతర. మేడారం జాతర రెండేళ్లకోసారి. 2026 జాతర జనవరి నెలాఖరున. కానీ మొక్కులు తీర్చుకునేవాళ్లు నెల ముందు నుంచే వస్తారు, ఆదివారాలు పస్రా, తాడ్వాయి రోడ్లు కార్లతో నిండిపోతాయి. డిసెంబర్ రెండో వారం లోపు వెళ్లండి. లేదంటే జాతర అయిపోయాక ఫిబ్రవరి రెండో సగంలో వెళ్లండి, అప్పుడు మోదుగలు పూసి ఉంటాయి, చేన్లలో మిర్చి ఎర్రగా ఆరబోసి ఉంటుంది. మిర్చి కల్లాల పక్క నుంచి పోయేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఎక్కుడు మీద దగ్గు మొదలైతే కష్టం.

వానాకాలం ఈ రూటు అందంగా ఉంటుందని కొందరు వస్తారు. నేను మాత్రం వద్దనే అంటాను. 2023 జులైలో మోరంచపల్లి ఊరికి ఊరే మునిగింది, జంపన్నవాగు ఉప్పొంగి మనుషులను తీసుకుపోయింది. 2024 ఆగస్టు 31న ఒక్క గాలివానకు తాడ్వాయి, మేడారం అడవిలో వేల చెట్లు కూలాయి. వాగు రోడ్డు మీద నుంచి పారుతుంటే ఎంత లోతు ఉందో పైకి తెలియదు. చెరువు నిండి మత్తడి దూకేది చూడాలనుంటే వానలు తగ్గాక సెప్టెంబర్ చివర్లో రండి.

ఇద్దరు ఆడవాళ్లు అన్నారు కాబట్టి ఇంకో మాట. పస్రా దాటాక చాలా చోట్ల ఫోన్ సిగ్నల్ ఉండదు. పస్రాలో ఇంటికి ఫోన్ చేసి, తాడ్వాయి చేరాక మళ్లీ చేస్తామని టైము చెప్పి బయలుదేరండి. అడవిలో ఆగి కోతులకు ఏమీ పెట్టకండి, సంచి లాక్కుంటాయి. సాయంత్రం అయిదు తర్వాత ఆ ముక్కలో ఉండకండి.

నయీంనగర్_రైడర్ (నవంబర్ 11)

ఇద్దరికీ చాలా థ్యాంక్స్. అన్నా, చెరువుల సంగతి చదివి అమ్మకు ఫోన్ చేసి చెప్పాను. "మా పొలానికి నీళ్లు లక్నవరం నుంచే వచ్చేవి కదా, నీకు తెలియదా" అంది. నాకు నిజంగా తెలియదు.

పంక్చర్ సంగతి కూడా చెప్పండి. మా ఇద్దరి సైకిళ్లకూ సన్న వాల్వ్ ట్యూబులు. ఊళ్లలో గాలి కొట్టించుకోవచ్చా?

పాత_స్టీరింగ్ (నవంబర్ 11)

సన్న వాల్వ్‌కు ఊరి షాపు పంపు పట్టదమ్మా. ఇత్తడి అడాప్టర్ ఒకటి సైకిల్ షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది, వాల్వ్‌కు ఇప్పుడే బిగించి ఉంచుకోండి. అది ఉంటే ఏ షాపులోనైనా గాలి కొట్టుకోవచ్చు. తలా రెండు ట్యూబులు, ఒక చిన్న పంపు పెట్టుకోండి. తుమ్మ ముల్లు గుచ్చుకుంటే ట్యూబు మార్చే ముందు టైరు లోపల వేలితో మెల్లగా తడిమి ముల్లు తీసేయాలి. అది తీయకుండా కొత్త ట్యూబు వేస్తే పది నిమిషాల్లో అదీ పోతుంది.

నిర్మల్_ఘాట్ (నవంబర్ 13)

వేరే దారి ఉందా అని అడిగారు కదా, మా వైపు గురించి రాస్తాను. నిర్మల్‌లో టీచర్‌గా పనిచేస్తున్నాను, ఎనిమిదేళ్లుగా తొక్కుతున్నాను.

మీకు గుట్టలు ఎక్కడమే కావాలంటే నిర్మల్ రండి. ఇక్కడ సాత్మాల కొండల వరుస నిజంగా ఎక్కిస్తుంది. నిర్మల్ నుంచి ఆదిలాబాద్ వైపు పాత రోడ్డులో మహబూబ్ ఘాట్ ఉంది. మలుపు తర్వాత మలుపు, ఆగి ఆగి ఎక్కినా తప్పేం లేదు. పైకి వెళ్లాక నేరేడిగొండ దగ్గర కుంతాల జలపాతం. అక్కడ చాలా మెట్లు దిగాలి, సైకిల్ బూట్లతో దిగకండి, సంచిలో మామూలు చెప్పులు పెట్టుకోండి. కుంతాల దగ్గర దూకేది కడెం వాగు. అదే నీళ్లు కిందకు వచ్చి కడెం ప్రాజెక్టులో నిలుస్తాయి, పద్దెనిమిది గేట్లు దాటి గోదావరిలో కలుస్తాయి. ఒక రోజు కుంతాల, మర్నాడు కడెం చూస్తే అవే నీళ్లను రెండు చోట్ల చూసినట్టు. నాకు ఇది ఎన్నిసార్లు తొక్కినా తనివి తీరదు.

నది వెంట తొక్కాలంటే నిర్మల్ నుంచి ఖానాపూర్, కడెం, జన్నారం, లక్సెట్టిపేట మీదుగా మంచిర్యాల పొండి. ఎడమ వైపు కొండలు, కుడి వైపు ఎక్కడో ఒక చోట గోదావరి, మధ్యలో మీరు. జన్నారం చుట్టుపక్కల కవ్వాల్ పులుల అడవి, 2012లో టైగర్ రిజర్వ్ చేశారు. అక్కడ పగటిపూట మాత్రమే తొక్కండి. వంద కి.మీ. దాటుతుంది కాబట్టి రెండు రోజులు చేసుకుంటే హాయిగా ఉంటుంది. మంచిర్యాలలో రైలెక్కితే కాజీపేటలో దిగుతారు, మీకు అదొక సౌకర్యం.

కెరమెరి ఘాట్ గురించి ఎవరైనా చెబితే మొదటిసారికే వెళ్లకండి. జోడేఘాట్‌లో కొమురం భీం స్మారకం తప్పక చూడాల్సిన చోటే, కానీ ఆ దారి కాళ్లు బాగా తయారయ్యాక పెట్టుకోవాలి. దీపావళి రోజుల్లో వెళ్లగలిగితే గోండు గూడేల్లో దండారి నాట్యం ఆడుతుంటారు, గుస్సాడీ వేషగాళ్ల నెమలి ఈకల టోపీలు చూస్తారు. ఫొటో తీసే ముందు అడగండి.

నా మాట అడిగితే మీరు మొదట గోదావరికి మీ అమ్మమ్మ ఊరి దారిలోనే వెళ్లండి. మా ఘాట్లు ఎక్కడికీ పోవు.

నయీంనగర్_రైడర్ (డిసెంబర్ 9)

వెళ్లొచ్చాము! శనివారం పొద్దున 5:20కి ఆరెపల్లి దాటాము.

ఆత్మకూరు దగ్గర చీకట్లోనే వడ్ల కుప్పలు వచ్చాయి, రాళ్లు కూడా. ములుగు తమ్ముడు చెప్పకపోతే ఖచ్చితంగా ఒకదానికి గుద్దుకునేదాన్ని. ఒక చోట ఒక పెద్దమ్మ తెల్లవారకముందే టార్పాలిన్ తీసి వడ్లను కాళ్లతో దున్నుతూ తిరుగుతోంది. మా లైట్లు చూసి పక్కకు జరిగి, "ఇంత చలిలో యాడికి బిడ్డా" అంది. గోదావరికి అంటే నమ్మలేదు.

గట్టమ్మ దగ్గర చెప్పినట్టే ముందే గేరు మార్చాను. నేను ఎక్కేశాను, మా ఆడపడుచు సగం దూరం దిగి నడిపించుకుంటూ వచ్చింది. పైన ఇద్దరం కొబ్బరికాయ కొట్టి, తెచ్చుకున్న సర్వపిండి తిన్నాము. ఆ తర్వాత తనకు ధైర్యం వచ్చింది, రామప్ప వదిలేద్దామా అంటే తనే వద్దంది.

రామప్ప కట్ట మీద దాదాపు గంట కూర్చున్నాము. ఒక పక్క నీళ్లు నిశ్చలంగా ఉన్నాయి, ఇంకో పక్క కోసిన పొలాల్లో కొంగలు. రెండు గుట్టలూ కట్టను రెండు చివర్ల నుంచి పట్టుకున్నట్టు ఉన్నాయి. అన్నా, మీరు చెప్పినది అక్కడ నిలబడితే కళ్లకు కడుతుంది. చిన్నప్పుడు గుడికి మూడుసార్లు వచ్చాను, కట్ట ఒక్కసారీ ఎక్కలేదు.

చల్వాయి దగ్గర నా వెనక టైరు పంక్చర్. తుమ్మ ముల్లే. వేలితో తడిమితే దొరికింది. మొత్తం పని అరగంట పట్టింది, చీకటి పడుతుందని టెన్షన్ పడ్డాను కానీ అయిదుంపావుకు లక్నవరం చేరిపోయాము. మీటర్‌లో 101 కి.మీ. మా ఆడపడుచు ఆ అంకెను ఫొటో తీసి ఇంట్లో అందరికీ పంపింది.

ఆదివారం గోవిందరావుపేటలో ఆగాను. అమ్మమ్మ ఇల్లు ఇప్పుడు వేరేవాళ్లది, బయట నుంచి చూసి వచ్చేశాను. కాలువ మాత్రం అట్లాగే ఉంది. తాడ్వాయి అడవిలో ఆ అలల రోడ్డు మీద ఇద్దరమూ మాట్లాడుకోలేదు, ఎండుటాకుల మీద గాలి చప్పుడు, మా చైన్ల చప్పుడు, అంతే. మొక్కుల కార్లు తొమ్మిది తర్వాత మొదలయ్యాయి, అప్పటికి మేము తాడ్వాయి దాటేశాము.

ఏటూరునాగారంలో భోజనం చేసి, ఇంకొంచెం ముందుకు ముళ్లకట్ట వంతెన దాకా కూడా తొక్కాము. గోదావరి సన్నగా, ఇసుక తిన్నెల మధ్య పాయలుగా పారుతోంది. వంతెన మధ్యలో సైకిల్ ఆపి చూస్తే లక్నవరంలో చూసిన నీళ్లూ, రామప్ప కట్ట వెనక ఉన్న నీళ్లూ ఎప్పటికైనా ఈ గోదావరికే వస్తాయి కదా అనిపించింది. మా ఆడపడుచు ఏడ్చింది. నాకూ కళ్లు తడిశాయి.

వచ్చేటప్పుడు బస్సు. కండక్టర్ బాగా సాయం చేశాడు.

ఇప్పుడు ఫిబ్రవరిలో పాఖాల చెరువు అనుకుంటున్నాము. నర్సంపేట, ఖానాపురం మీదుగా పోయి, నల్లబెల్లి, మల్లంపల్లి వైపు నుంచి తిరిగి రావాలని. పాఖాల నీళ్లు మాత్రం మున్నేరులోకి పోయి కృష్ణలో కలుస్తాయని చదివాను. రామప్ప నీళ్లు ఇటు గోదావరికి, పాఖాల నీళ్లు అటు కృష్ణకు. ఆ రెండింటినీ వేరు చేసే ఎత్తు నల్లబెల్లి రోడ్డు మీద ఎక్కడో దాటుతామనుకుంటున్నాను. అన్నా, ఆ రోడ్డులో ఎక్కడెక్కడ గేరు దించాలో రాయండి.

పాత_స్టీరింగ్ (డిసెంబర్ 9)

చాలా సంతోషంగా ఉందమ్మా. మీరు రాసింది మా ఇంటావిడకు చదివి వినిపించాను.

నల్లబెల్లి రూటు నా డ్యూటీలో ఎప్పుడూ పడలేదు. ఆ రోడ్డులో ఎత్తులు నాకు తెలియవు. ఫిబ్రవరిలో ఏ ఆదివారమో చెప్పండి, నేనూ వస్తాను. అయిదింటికి పోచమ్మ మైదాన్ దగ్గర ఉంటాను. పెద్ద పంపు నేను తెస్తాను, మీరు ట్యూబులు తెచ్చుకోండి.